ఎవే మోడ్‌లో ఒక తుమ్ము

చైతన్య కొత్త వస్తువేదైనా కొన్నాడంటే ఇంట్లోవాళ్లకి మూడినట్టే. తిన్నగా వాడనివ్వడు, ముందు టెస్టు చేయాలంటాడు. ఆఫీసులో అతని ఉద్యోగమే అది మరి, పక్కవాడు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పొద్దస్తమానం అక్కడ తప్పులు పట్టి ఇంటికొచ్చినా ఆ దురద తీరదు. రైస్ కుక్కర్‌కి టెస్టు పెట్టాడు. ఇల్లు ఊడ్చే రోబోకి పెట్టాడు. ఈ శనివారం మధ్యాహ్నం మాత్రం టెస్టు పెట్టబోయేది కన్నతల్లికి.

నాగమల్లేశ్వరి ఇందుకు ఒప్పుకుంది. ఒప్పుకోక చస్తుందా? అవసరం ఆవిడది.

సంగతేమిటంటే, వచ్చే గురువారం మనవరాలు దియకి ఓర్లాండోలో వాలీబాల్ టోర్నమెంటుంది. కొడుకూ కోడలూ పిల్లని తీసుకుని కార్‌లో వెళ్లి ఆదివారానికి తిరిగొస్తారు. కిందటేడు ఇలాగే వెళ్లినప్పుడు నాగమల్లేశ్వరిని ఆల్ఫారెటాలో కోడలి పెత్తల్లి కూతురు రాగిణి ఇంట్లో దింపేశారు. ఆ ఇల్లు ఇంద్రభవనమే, కాదన్లేం. కానీ ఆ ఇంద్రభవనంలో రాగిణి అత్తగారు కూడా ఉంటుంది. ఆవిడ తన మోకాలి ఆపరేషన్ కథ ఎత్తుకుందంటే కోత దగ్గర మొదలుపెట్టి కుట్లు విప్పేదాకా వదలదు, అది అయ్యేసరికి రెండో మోకాలు మొదలవుతుంది. పైగా పొద్దున పారాయణం, సాయంత్రం పారాయణం, మధ్యలో ఉప్పులేని కూర. అక్కణ్నుంచి తిరిగొచ్చిన రోజే నాగమల్లేశ్వరి తెగేసి చెప్పింది. "ఇంకోసారి నన్నక్కడికి పంపారో, ఆవిడ కొత్త మోకాళ్లు రెండూ నేనే పీకేసి వస్తాను."

అందుకని ఈసారి ముందే, "నేనెక్కడికీ రాను, ఇంట్లోనే ఉంటాను" అంది.

"ఒక్కదానివే?" అన్నాడు చైతన్య, తల్లి పెళ్లి చేసుకుంటానన్నంత కంగారుగా.

"కాక? పదిమందిని పోగేసుకుని ఉంటానా?"

నిజానికి నాగమల్లేశ్వరి ఆ మోకాళ్ల కథకి భయపడి అన్న మాట కాదది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో ఒక్కపూట కూడా ఒక ఇంట్లో ఒంటరిగా ఉండి ఎరగదు. తెనాలిలో పుట్టింట్లో అటక మీద కూడా ఎవరో ఒకరు పడుకుని ఉండేవారు. పెళ్లయ్యాక భర్త పరంధామయ్యగారు, ఆయన తల్లి, ఆయన తమ్ముళ్లు, ఆయన గురక. ఆయన పోయాక "పాపం, ఒంటరిగా ఎలా ఉంటుంది" అని కొడుకు అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరికి తెచ్చుకున్నాడు. ఇక్కడ కోడలు శ్రీవిద్య ఇంట్లోనే ఆఫీసు పని, కొడుకు వారానికి సగం ఇంట్లోనే. ఆవిడ వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తే చాలు, పై నుంచి ఒకరు "ఏమైందమ్మా?", కింద నుంచి ఒకరు "ఏం కావాలత్తయ్యా?" ఎవరూ ఏమీ అడగని ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చోవాలని ఆవిడకి ఎంతో కోరిక. ఆ కోరిక నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెబితే పాపం పెద్దావిడకి డిప్రెషనని డాక్టరు దగ్గరికి లాక్కెళతారు.

సరిగ్గా అప్పుడే, ఆ కాలనీలో ఒకళ్లు గుడికి వెళ్లొచ్చేలోపు దొంగలు వాళ్లిల్లు దోచుకుపోయారు. బంగారమంతా పోయింది. కాలనీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు రెండు రోజులు నిద్రపోలేదు. చైతన్య వెంటనే సెక్యూరిటీ సిస్టమ్ ఆర్డర్ చేశాడు, షరతూ పెట్టాడు. "ఈ సిస్టమ్‌ని నువ్వు ఒక్కదానివే ఆపరేట్ చేసి చూపించు. పాసైతే ఇంట్లో ఉండు. ఫెయిలైతే రాగిణి వాళ్లింటికి. డీల్?"

"డీలో, డోలో. కానియ్" అంది నాగమల్లేశ్వరి.

అలా ఆ శనివారం హాలు నిండా అట్టపెట్టెలు వెలిశాయి. చైతన్య మోకాళ్ల మీద పాక్కుంటూ ఒక్కో సెన్సారూ తీసి తల్లికి వివరించడం మొదలుపెట్టాడు. చూస్తే ఏముంది, రెండు తెల్ల ముక్కలు. సబ్బుబిళ్ల విరిచినట్టున్నాయి. ఒకటి తలుపుకి అంటించాలి, అయస్కాంతమున్న రెండోది పక్కనే దర్వాజాకి అంటించాలి. రెండూ వేలెడు దూరంలో ఉన్నంతసేపు నోరుమూసుకుని ఉంటాయి. తలుపు తీసి వాటిని విడదీస్తే, వైరూ పాడూ లేకుండానే గోడమీది ప్యానెల్‌కి చాడీ చెబుతాయి.

"అంటే మీ పెద్దత్తలాంటిదన్నమాట" అంది నాగమల్లేశ్వరి.

వీధి తలుపు దగ్గర మొదటి పేచీ వచ్చింది. దర్వాజాకి గృహప్రవేశంనాటి పసుపు, కుంకుమ బొట్లు ఇంకా ఉన్నాయి, వాటి మీద ఏటేటా వేసినవి ఉన్నాయి. వాటి మీద జిగురు టేపు నిలవలేదు. అంటించడం, ఊడి పడటం. చైతన్య ఒక చిన్న ప్యాకెట్ చింపి తడిగుడ్డలాంటిది తీసి బొట్లన్నీ బరబరా తుడిచేశాడు. ఘాటు వాసన గుప్పుమంది.

"ఏంట్రా అది?"

"ఆల్కహాల్ వైప్, అమ్మా."

"గుమ్మానికి సారా పూస్తున్నావట్రా అప్రాచ్యుడా!"

"ఇది తాగేది కాదమ్మా!"

"తాగేదైతే కనీసం నీకైనా పనికొచ్చేది."

శ్రీవిద్య నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. అత్తాకోడళ్ల మధ్య ఆ ఇంట్లో పెద్ద గొడవలేం లేవు. ఇద్దరికీ ఉమ్మడి శత్రువు చైతన్య.

తలుపులు అయ్యాయి, కిటికీలు అయ్యాయి, గరాజ్ అయింది. హాల్లో మూలన మనిషి కదిలితే పట్టేసే మోషన్ సెన్సార్ పెట్టాడు. సెన్సార్లకి పేర్లు పెట్టే పని దియకి అప్పగించాడు. దాని పదిహేనేళ్ల బుర్రకి తోచినట్టు అది ఫోన్‌లో పేర్లన్నీ కొట్టింది. ఆ తర్వాత నాగమల్లేశ్వరి పూజగది తలుపు తీయగానే ప్యానెల్ అమెరికా గొంతుతో, "డెవిడీ గ్యాడీ... ఓపెన్" అంది.

"ఏమంటోందే అది?"

"దేవుడి గది, నాన్నమ్మా. దానికి తెలుగు రాదు. ఐ మీన్, నాకులాగా" అంది దియ.

"నీకే నయం. ఇది దేవుణ్ని దెయ్యం చేసి కూర్చుంది."

పాస్‌వర్డ్ దగ్గర మాత్రం అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది. అలారం మోగితే కంపెనీవాళ్లు ఫోన్ చేసి ఒక మాట అడుగుతారు. ఆ మాట చెబితే ఇంటివాళ్లేనని నమ్ముతారు. దొంగలెవరూ ఊహించలేని మాట కావాలన్నాడు చైతన్య. "గోంగూర" అంది నాగమల్లేశ్వరి. ముగ్గురూ తలూపారు.

తర్వాత చైతన్య కంపెనీకి ఫోన్ చేసి, ఒక గంటసేపు తమ ఇంటిని టెస్టులో పెట్టమన్నాడు. ఆ గంటలో ఏది మోగినా వాళ్లు పట్టించుకోరు, పోలీసుల్ని పంపరు. ఫోన్ పెట్టేసి, ఇక ఇల్లంతా తలకిందులు చేశాడు. శ్రీవిద్య చేత ప్రతి కిటికీ తీయించి వేయించాడు. దియ మోషన్ సెన్సార్‌కి దొరక్కుండా కార్పెట్ మీద బల్లిలా పాకి, దొరికిపోయి, మళ్లీ పాకి, మళ్లీ దొరికిపోయింది. ఆ పైన చైతన్య తల్లిని సోఫాలో కూర్చోబెట్టి స్టే మోడ్ అంటే ఏమిటి, ఎవే మోడ్ అంటే ఏమిటి అని క్లాసు పీకాడు. ఇంట్లో ఉంటే స్టే, బయటికి పోతే ఎవే. ఇంతే సంగతి. దీన్ని అతను ఎన్ని రకాలుగా చెప్పాడంటే, వినగా వినగా ఆవిడకి తెలిసింది కూడా అయోమయమైంది.

అసలు పరీక్షకి తల్లి తప్ప అందరూ ఫోన్లు వంటింటి గట్టు మీద పెట్టెయ్యాలన్నాడు. దియ దొంగచాటుగా నాన్నమ్మకి మెసేజీలు పెడుతుందని అనుమానం. ముగ్గురూ ఉన్నపళాన ఉత్తకాళ్లతో బయటికి వచ్చి డ్రైవ్‌వేలో నిలబడ్డారు. చైతన్య షార్ట్స్‌లో, శ్రీవిద్య నైటీ మీద చున్నీ వేసుకుని, దియ పైజమాలో.

పరీక్ష చాలా సులువు. నాగమల్లేశ్వరి ఎవే నొక్కాలి. ప్యానెల్ ఒక నిమిషం టైమిస్తుంది. ఆలోపు బయటికి వచ్చి తలుపు వేసెయ్యాలి. కాసేపాగి తన ఫోన్‌తో తాళం తీసి మళ్లీ లోపలికెళ్లి కోడ్ కొట్టి ఆపాలి. అంతే.

ఆవిడ ఎవే నొక్కింది. ప్యానెల్ కిచకిచమనడం మొదలుపెట్టింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. చెప్పులేసుకుంది, కొంగు సర్దుకుంది, తలుపు తీసి "వెళ్లొస్తాను" అని ఖాళీ ఇంటికి చెప్పి కుడికాలు గడప దాటించింది.

అది ఏప్రిల్ నెల. కమ్మింగ్‌లో ఏప్రిలంటే పైన్ చెట్ల పుప్పొడి. కార్ల మీద, మెట్ల మీద, మనుషుల ముక్కుల్లో అంతా పసుపే. చైతన్య పొద్దుట్నుంచి ముక్కు నలుపుకుంటూనే ఉన్నాడు. తల్లి కాలు గడప దాటిందో లేదో, ఆపుకోలేక, "హాఛ్!"

రెండు తుమ్మినా బాగుండేది. వెధవ, ఒక్కటే తుమ్మాడు.

నాగమల్లేశ్వరి కాలు టక్కున వెనక్కెళ్లింది.

"అమ్మా, వద్దు! ఎలర్జీ తుమ్ము అది, శకునం కాదు! బయటికొచ్చెయ్!" అని చైతన్య అరిచాడు. ఎవరికి వినిపిస్తుంది? ఆవిడ లోపలికి తిరిగింది, తలుపు మూసుకుంది, తాళం దానంతటదే కిర్రుమని పడింది. బయట నుంచి ఫోన్‌తో తప్ప తెరుచుకోని తాళమది. ఫోన్లు మూడూ లోపల గట్టు మీదున్నాయి, నాలుగోది ఆవిడతోనే లోపలికెళ్లింది. గరాజ్ పక్కనుండే నంబర్ల డబ్బాలో బ్యాటరీ అయిపోయి ఆర్నెల్లయింది. ఊరందరికీ టెస్టులు పెట్టే మహానుభావుడు ఆ బ్యాటరీ మాత్రం టెస్ట్ చేయలేదు.

అలాగని ఆవిడ పరీక్ష సంగతి మర్చిపోయిందా అంటే, లేదు. గురువారం సంగతి ఆవిడకి బాగా గుర్తుంది. కానీ బయల్దేరుతుంటే తుమ్మితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అది పుట్టిన దగ్గర్నుంచి కాళ్లకి అలవాటైపోయింది. ఇప్పుడు ఎవే మోడని చెబితే అవి ఆగుతాయా? గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని వచ్చి సోఫాలో కూర్చుంది. అప్పటికి ప్యానెల్ ఇచ్చిన నిమిషం అయిపోయింది, మూలనున్న మోషన్ సెన్సార్ ఆవిణ్ని చూసింది.

అప్పుడు మోగింది చూడండి. ఇంటి కప్పు ఎగిరిపోతుందనిపించింది. బయట చైతన్య చెవులు మూసుకున్నాడు, ఎదురింటివాళ్ల కుక్క ఏడుపు లంకించుకుంది, శ్రీవిద్య "అత్తయ్యా! అత్తయ్యా!" అని కిటికీ అద్దం బాదడం మొదలుపెట్టింది. నాగమల్లేశ్వరి మాత్రం లేచి, గ్లాసు బల్ల మీద పెట్టి, ప్యానెల్ దగ్గరకెళ్లి కోడ్ కొట్టింది. ఒక్క అంకె తప్పుపోలేదు. నిశ్శబ్దమైపోయింది.

గట్టు మీద చైతన్య ఫోన్ మోగింది. ఎత్తింది. అవతల ఒక అమ్మాయి కంపెనీ పేరు చెప్పి పాస్‌వర్డ్ అడిగింది.

"గోంగూర."

"గాంగ్... గ్యూరా?"

"గో. గూ. ర. సవర్ లీవ్స్" అంది ఆవిడ ఓపిగ్గా.

పాస్‌వర్డ్ సరిపోయిందంది ఆ అమ్మాయి. తర్వాత మర్యాద కోసం ఇంకో ముక్క అడిగింది. "సో యూ డోంట్ నీడ్ ద పోలీస్, మామ్?"

కొంప మునిగింది ఇక్కడే. మన ఇళ్లల్లో "అక్కర్లేదా?" అని అడిగితే "అవును" అంటాం. అవునంటే, అక్కర్లేదనే. నాగమల్లేశ్వరి కూడా ఠీవిగా, "యెస్" అంది.

అవతల గొంతు అనుమానంగా మారింది. "యూ డు?"

వెనకాల కిటికీ మీద దబదబా గుద్దుతున్నారు. "యెస్, యెస్. థాంక్యూ వెరీ మచ్" అని ఫోన్ పెట్టేసింది నాగమల్లేశ్వరి. ఇంగ్లీషులో ఇంత వ్యవహారం చక్కబెట్టినందుకు తనకే ముచ్చటేసింది.

తిరిగొచ్చి సోఫాలో కూర్చుని గ్లాసు తీసుకుంది. బయట కొడుకు అద్దానికి ముక్కు ఆనించి "తలుపు తియ్యమ్మా!" అని సైగలు చేస్తున్నాడు. ఆగమన్నట్టు చెయ్యి ఊపింది. నీళ్లు ఇంకా సగం కూడా తాగలేదు.

ఒక గుక్క తాగి చుట్టూ చూసింది. ఇంట్లో ఎవరూ లేరు. మేడ మీద ఆఫీసు మీటింగుల గోల లేదు. ఎవరూ తనని చూడటంలేదు, అద్దానికి అంటుకున్న ఆ ముక్కు తప్ప. దానికీ వీపు పెట్టి కూర్చుంది. ఫ్రిజ్ చప్పుడు వినిపించింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉండి ఈ ఫ్రిజ్ ఇలా పాడుతుందని ఆవిడకి తెలియనే తెలియదు. చెప్పులు విడిచి కాళ్లెత్తి బల్ల మీద పెట్టుకుంది. ఆవిడకి ఎంత హాయనిపించిందంటే, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకో గుక్క తాగింది. గ్లాసు తొందరగా ఖాళీ అయిపోకూడదనుకుంది.

అది ఖాళీ అయ్యేలోపే వీధిలో షెరీఫ్ ఆఫీసువాళ్ల పోలీసు కారు వచ్చి ఆగింది. చైతన్య పెట్టించిన టెస్టు గంట ఎప్పుడో అయిపోయింది. స్టే మోడ్ గురించి నాలుగోసారి చెబుతున్నప్పుడే అయిపోయింది. ఆరడుగుల డెప్యూటీ నల్లకళ్లద్దాలతో దిగి, ఒక ఇంటి కిటికీలకి వేలాడుతున్న ముగ్గురు చెప్పుల్లేని మనుషుల్ని చూశాడు. చుట్టుపక్కల గరాజ్ తలుపులు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి.

"మీరిక్కడ ఉంటారా?" అని అడిగాడు డెప్యూటీ.

"యెస్, ఆఫీసర్. ఇది నా ఇల్లు."

"ఐడీ?"

"లోపలుంది."

"ఫోన్?"

"అదీ లోపలే."

"లోపల ఎవరున్నారు?"

"మా అమ్మ."

"మరి ఆమె తలుపెందుకు తీయడం లేదు?"

చైతన్య ముక్కు తుడుచుకున్నాడు. ఎటుచూసినా వేరే జవాబు లేదు. "ఐ స్నీజ్‌డ్, ఆఫీసర్."

"ఇట్స్ లైక్, ఎ కల్చరల్ థింగ్" అంది దియ సాయం చేయబోయి.

డెప్యూటీ ముగ్గుర్నీ పక్కకి జరగమని తనే వెళ్లి తలుపు కొట్టాడు. అప్పటికి గ్లాసు ఖాళీ అయింది. నాగమల్లేశ్వరి చెప్పులేసుకుని వచ్చి తలుపు తీసింది.

"మీరు బాగానే ఉన్నారా, మామ్? వీళ్లెవరో మీకు తెలుసా?"

ఆవిడ ముగ్గుర్నీ మెల్లిగా, ఒకళ్ల తర్వాత ఒకళ్లని చూసింది. పసుపు పుప్పొడి పట్టిన కొడుకు ముక్కు. చున్నీలో మొహం దాచుకున్న కోడలు. నవ్వు ఆపుకోలేక కందిపోయిన మనవరాలు. కావాలనే కాస్త ఆలస్యం చేసింది.

"అమ్మా, ప్లీజ్! చెప్పవే!" అన్నాడు చైతన్య.

"మై సన్. మై డాటరిన్‌లా. మై గ్రాండ్‌డాటర్" అంది ఆవిడ చివరికి.

డెప్యూటీ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. చైతన్యకి ఊపిరి రాగానే కోపమూ వచ్చింది. "చూశావా? పోలీసులొచ్చారు! కాలనీ అంతా చూస్తోంది! ఒక్కదానివే ఉంటావా నువ్వు? ఫెయిల్. గురువారం రాగిణి వాళ్లింటికి వెళ్తున్నావు, అంతే!"

నాగమల్లేశ్వరి దగ్గర మామూలుగా ఇలాంటివాటికి జవాబు సిద్ధంగా ఉంటుంది. తుమ్మిందెవడ్రా, టెస్టు టైము చూసుకోనిదెవడ్రా అని ఉతికి ఆరేసేదే. కానీ ఈసారి పోయింది గురువారం. ఖాళీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

డెప్యూటీకి తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, పెద్దావిడ మొహం మారడం కనిపించింది. గురువారం నాన్నమ్మ ఒక్కతే ఉండాలనుకున్న సంగతి దియ గబగబా ఇంగ్లీషులో చెప్పేసింది. కళ్లద్దాలు తీసి కాస్త వంగి, నెమ్మదిగా అడిగాడు. "మామ్, ఒకటే అడుగుతాను. ఈ ఇంట్లో మీరు ఒక్కరే ఉండటం మీకు ఇష్టమేనా? భయమేం లేదు కదా?"

ఆవిణ్ని ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. కొడుకుని అడిగారు, కోడల్ని అడిగారు, పాపం ఎలా ఉంటుందో అని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. ఆవిణ్ని మాత్రం అడగలేదు.

"ఐ డోంట్ నో, సర్" అంది నాగమల్లేశ్వరి. తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. "సిక్స్‌టీ ఎయిట్ ఇయర్స్. ఫస్ట్ ఫాదర్ హౌస్. దెన్ హస్బెండ్ హౌస్. నౌ సన్ హౌస్. ఎలోన్, టుడే ఓన్లీ." చేతిలో ఖాళీ గ్లాసు ఎత్తి చూపించింది. "వన్ గ్లాస్ వాటర్. వెరీ నైస్."

డెప్యూటీకి ఏం అర్థమైందో ఏమో, టోపీ అంచు తాకి, మంచిది మామ్ అని వెళ్లిపోయాడు.

డ్రైవ్‌వేలో ముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు. దియ నవ్వడం మానేసింది. శ్రీవిద్య మొగుడి మోచేతి మీద గిల్లింది, గట్టిగానే. చైతన్య మళ్లీ ముక్కు తుడుచుకున్నాడు. మెట్టెక్కి వచ్చి, తల్లి మొహంలోకి చూడలేక, ఆవిడ చేతిలో గ్లాసు వైపు చూస్తూ అన్నాడు.

"గురువారం పొద్దున్నే బయల్దేరతాం అమ్మా. రోజుకోసారి ఫోన్ చేస్తే ఎత్తుతావా?"

"చూస్తాను" అంది నాగమల్లేశ్వరి. తర్వాత తలుపు బార్లా తీసి, పక్కకి తప్పుకుంది. "రండి, లోపలికి రండి."